పలుగురాతిని పలికించిన పాల్ లాంజెవిన్

నాయుడుపేటకు ఉత్తరమున గూడూరు కలదు. ఆ పరిసరముల భూములలో రెండు వస్తువులు విరివిగా దొరకును. ఒకటి అభ్రకము, రెండవది పలుగురాయి. అభ్రకమును పొరలు పొరలుగా ఒలువవచ్చును. ఒక్కొక్క పొర గాజువలె తళతళలాడుచు, కాగితముకంటె పలుచగా వచ్చును. జనులు దానిని కాకిబంగారమనియు పిలుతురు. గూడూరు అభ్రకము చాలకాలము విదేశములకు ఎగుమతియైన సరకు. కావున దానికి పేరును, వెలయును కలవు. పలుగురాతికి అట్టి గౌరవము లేదు. రైతులు దానిని చేలనుండి ఏరి గట్టున పారవేయుదురు. పిల్లలు చీకటిలో రెండు పలుగురాళ్ళను రాపాడించి, వానినుండి వెలువడు మెఱుపును చూచి సంతోషింతురు.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశమందొక భౌతికశాస్త్రజ్ఞుడు ఈ రెండు జాతుల వస్తువులనే చేపట్టి, సముద్రగర్భమున దాగిన అడ్డంకులను కనిపెట్టుటకు పూనుకొనెను. అభ్రకము మొదట వచ్చి ఓడిపోయెను. పలుగురాయి తరువాత వచ్చి గెలిచెను. ఆ శాస్త్రజ్ఞుని పేరు పాల్ లాంజెవిన్.

లాంజెవిన్ 1872వ సంవత్సరము జనవరి 23వ తేదీన పారిసు నగరమున ఒక సామాన్య కుటుంబమున జన్మించెను. 1888లో ఆయన ఆ నగరమందలి భౌతిక రసాయన పారిశ్రామిక శాస్త్రముల పాఠశాలయందు విద్యార్థిగా చేరెను. అచ్చట ప్రయోగశాలలో ఆయనకు పాఠము నేర్పిన గురువు పియరీ క్యూరీ. అప్పటికి ఆ గురువునకు లోకమున ప్రఖ్యాతి లేదు. రేడియము ఇంకను కనుగొనబడలేదు. కాని ఆయన 1880లోనే, తన అన్న జాక్ క్యూరీతో కలిసి, ఒక విచిత్రమైన విషయమును కనిపెట్టియుండెను. స్వచ్ఛమైన పలుగు స్ఫటికమును తగిన దిశలో పలకగా కోసి, ఆ పలకను అదిమినచో దాని ముఖములపై విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు మిక్కిలి స్వల్పము. మరుసటి సంవత్సరము ఆ సోదరులు దీనికి విపర్యయమును కూడ నిరూపించిరి. అనగా పలక ముఖములకు విద్యుత్తు నిచ్చినచో ఆ రాయి కంటికి కానరానంతగా ఉబ్బును, లేదా కుంచించుకొనును.

ఇది చూచుటకు ముచ్చటైన విషయమే గాని, దానితో ఏమి చేయవలెనో చిరకాలము ఎవ్వరికిని తోచలేదు. క్యూరీ దంపతుల ప్రయోగశాలలో అతి స్వల్పమైన విద్యుత్తును కొలుచుటకు మాత్రము ఆ పలకలు ఉపయోగపడెను. లాంజెవిన్ ఆ ప్రయోగశాలలో పెరిగినవాడగుటచేత ఆ రాయి ఆయనకు క్రొత్త వస్తువు కాదు. ముప్పదియేండ్ల తరువాత ఆయనకు అక్కఱకు వచ్చినది ఈ పాత పరిచయమే.

గురువు సలహాను అనుసరించి లాంజెవిన్ 1894లో ఎకోల్ నార్మాల్ అను ప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశించెను. 1897లో ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జియందలి కావెండిష్ ప్రయోగశాలలో జె. జె. థామ్సన్ కడ ఒక సంవత్సరము పనిచేసెను. అచ్చట రూథర్‌ఫర్డుతో ఆయనకు మైత్రి కుదిరెను. 1902లో వాయువులలో విద్యుత్ప్రవాహమును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి డాక్టరు పట్టము పొందెను. క్యూరీ సోర్బాను విశ్వవిద్యాలయమునకు వెళ్ళినపిమ్మట, గురువు విడిచిన ఆచార్యపదవిని శిష్యుడే స్వీకరించెను. 1905లో ఆయన ప్రకటించిన అయస్కాంతతత్త్వ సిద్ధాంతము నేటికిని కళాశాలలలో బోధింపబడుచున్నది. ఆయనకు సిద్ధాంతవేత్తగా ఐరోపా అంతట కీర్తి వచ్చెను. నీట మునిగి, నూనె పూసిన తీగలతోను, ఇనుపపలకలతోను పెనగులాడవలసిన దినము రాగలదని ఆ కాలమున ఎవ్వరును ఊహించియుండరు.

1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి టైటానిక్ అను మహానౌక అట్లాంటిక్ సముద్రమున మంచుకొండను ఢీకొనెను. తెల్లవారకమునుపే అది మునిగిపోయెను; 1,500 మందికి పైగా మరణించిరి. చీకటిలో ఓడకు ముందున్న అడ్డంకిని తెలిసికొను ఉపాయము లేదా అని నాడు అనేకులు యోచింపసాగిరి. ఇంగ్లండున రిచర్డ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు ఆ సంవత్సరమే ప్రతిధ్వనిచేత అడ్డంకులను గుర్తించు పద్ధతికి హక్కుపత్రము కోరెను. 1914 ఏప్రిలులో ఫెసెండెన్ అను ఇంజనీరు వినబడు ధ్వనిని నీటిలోనికి పంపి, సుమారు రెండు మైళ్ళ దూరమందలి మంచుకొండనుండి ప్రతిధ్వనిని రాబట్టెను. అయితే ఆ ధ్వని నలుదిక్కులకు చెదరిపోవునది. అడ్డంకి యున్నదని అది చెప్పగలదు. ఏ దిక్కున ఉన్నదో చెప్పజాలదు.

అంతలో యుద్ధము వచ్చెను. 1914 సెప్టెంబరు 22వ తేదీని చెన్నపట్టణమువారు చాలకాలము మరువలేదు. ఆ రాత్రియే ఎండెన్ అను జర్మను నౌక చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి నూనెతొట్లను తగులబెట్టెను. నాయుడుపేట మొదలగు ఊళ్ళకు దగ్గఱ పట్టణమదియే గనుక ఆ వార్త ఇచ్చటి పల్లెలను కలవరపరచియుండును. కాని ఆ దినము ఉదయమే, వేల మైళ్ళ దూరమున, ఉత్తర సముద్రమునందు అంతకంటె ఘోరమైన కార్యమొకటి జరిగెను. ఒకే ఒక జర్మను జలాంతర్గామి ఒక జాము లోపల మూడు బ్రిటిషు యుద్ధనౌకలను ముంచివేసెను. 1,400 మందికి పైగా నావికులు నీటిపాలైరి. ఎండెన్ నౌక కంటికి కనబడినది. దానిని వెంటాడి పట్టవచ్చును, ఆ నవంబరులో పట్టిరి కూడ. కంటికి కనబడని ఓడను వెంటాడుటెట్లు?

ఈ ప్రశ్నకు 1915 ప్రారంభమున ఒక జవాబు స్విట్జర్లాండునుండి వచ్చెను. ఆ దేశమున నివసించుచున్న కాన్‌స్టాంటిన్ షిలోవ్‌స్కీ అను రష్యను ఇంజనీరు ఫ్రెంచి ప్రభుత్వమునకు ఒక లేఖ వ్రాసెను. మనుష్యులకు వినరానంత హెచ్చు కంపనములు గల ధ్వనిని నీటిలోనికి కిరణమువలె పంపి, దాని ప్రతిధ్వనిని పట్టవచ్చునని ఆ లేఖలోని భావము. ప్రభుత్వమువారు దానిని లాంజెవిన్‌కు పంపిరి. షిలోవ్‌స్కీ సూచించిన పరికరము చాలదనియు, ఆయన భావము మాత్రము సరియైనదనియు లాంజెవిన్ వెంటనే గ్రహించెను. ఇట్టి సందర్భములలో పేరుగల పండితులు పేరులేనివాని భావమును మౌనముగా మ్రింగివేయుట లోకమున అరుదు కాదు. ఇచ్చట అట్లు జరుగలేదు. 1916 మే 29వ తేదీన వారు కోరిన హక్కుపత్రమున ఇద్దరి పేర్లును ఉన్నవి.

హెచ్చు కంపనములు ఏల కావలెను? మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను మాత్రమే వినగలదు. అంతకు మించినవానిని అతిధ్వనులందురు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగముతో పోవును. సెకనుకు వేయి కంపనములు గల ధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యము మీటరున్నర యగును. అంత పొడవైన అలలు చిన్న పరికరమునుండి బయలుదేరినచో, చెఱువులో రాయి వేసినట్లు, అన్ని వైపులకు వ్యాపించును. కంపనములను 40,000కు పెంచినచో తరంగదైర్ఘ్యము నాలుగు సెంటీమీటర్లకు లోబడును. అప్పుడు మూరెడు వెడల్పు లేని పరికరముతోనే ధ్వనిని దీపపు వెలుగువలె ఒక దిక్కునకు మలపవచ్చును. ఇంకను పెంచరాదా యన్నచో, కంపనములు హెచ్చినకొలది నీరు వానిని త్వరగా పీల్చివేయును. దూరము పోవలెను, దిక్కు చెదరరాదు. ఈ రెండింటికి నడుమ సరిపడు కొలతగా లాంజెవిన్ 40,000 ప్రాంతమును ఎన్నుకొనెను.

ప్రకృతిలో ఈ విద్య ఎఱిగిన జీవి యొకటి అంతకుముందే కలదు. సాయంసమయమున స్వర్ణముఖీ తీరమున నాయుడుపేట వంటి ఊళ్ళలో ఇండ్ల చూరులనుండి వెడలి పురుగులను వేటాడు చిన్న గబ్బిలము అట్టిది. మఱ్ఱిచెట్లకు తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలములు కావు. అవి పండ్లు తినునవి, కన్నులతోనే చూచునవి. కన్నులు లేకున్నను చిన్న గబ్బిలము ఎగురగలదనియు, చెవులు మూసినచో తడబడుననియు ఇటలీ దేశపు స్పల్లాంజానీ 1790వ దశకముననే ప్రయోగములచేత చూపియుండెను. దానికి కారణము అతిధ్వనియే యని గ్రిఫిన్ అను అమెరికను విద్యార్థి నిరూపించుట చాలకాలము తరువాత గాని జరుగలేదు. లాంజెవిన్ కాలమునకు ఆ రహస్యము విడిపోలేదు. ఆయనకు దారి చూపినది గబ్బిలము కాదు, గణితము.

మొదటి ప్రయత్నము అభ్రకముతో జరిగెను. పలుచని అభ్రకపు రేకునకు వెనుక ఒక లోహపు పలక, ముందు సముద్రపు నీరు. నీరు కూడ విద్యుత్తును ప్రవహింపనిచ్చునది గనుక, పలకయు నీరును ఒక విద్యుత్ సంచాయకమునకు రెండు వైపులయ్యెను. వాని నడుమ విద్యుత్తును సెకనుకు వేలకొలది మారులు త్రిప్పినచో రేకు అదరును. ఆ అదురు నీటిలో అతిధ్వనిగా పోవును. ప్రతిధ్వనిని వినుటకు బొగ్గుపలుకులు నింపిన ఒక శబ్దగ్రాహకము నమర్చిరి. 1915–16 చలికాలమున పారిసు నడుమ పాఱు సేన్ నదిలో ఈ ప్రయోగములు సాగెను. పిమ్మట టూలాన్ రేవునందు సముద్రముననే పరీక్షించిరి. సముద్రపు అడుగునుండియు, నీటిలో వ్రేలాడదీసిన ఇనుపపలకనుండియు ప్రతిధ్వనులు వచ్చెను. పద్ధతి సత్యమని తేలెను. కాని ఆ సాధనము బలహీనము. అభ్రకపు రేకు సుకుమారము. దానిపై మోపదగిన విద్యుచ్ఛక్తికి హద్దు కలదు. బొగ్గు గ్రాహకము ఒక దినము పలికి ఒక దినము మూగవోవునది. కొంతకాలమునకు షిలోవ్‌స్కీ ఈ పనినుండి తొలగిపోయెను. జలాంతర్గాములు మాత్రము ఓడలను ముంచుచునే యుండెను.

1917 ప్రారంభమున లాంజెవిన్ తన గురువు రాతిని జ్ఞాపకము చేసికొనెను. నీటిలో వచ్చు అతిధ్వని పలుగు పలకను అదుమును. అదిమినంతనే విద్యుత్తు పుట్టును. ఇంతకంటె మంచి చెవి ఏమి కావలెను? మఱి ముప్పదియేండ్లుగా ఇది ఎవ్వరికి ఏల తోచలేదన్న సందేహము కలుగవచ్చును. ఆ రాయి పలుకు పలుకు అంత మెల్లనిది. దానిని పెద్దది చేయు సాధనము అంతకుముందు లేదు. యుద్ధము వచ్చినపిమ్మట ఫ్రెంచి సైన్యపు రేడియో విభాగమువారు ట్రయోడు అను శూన్యనాళికలను మెఱుగుపఱచి, వానితో విద్యుత్ సంకేతములను ఎన్నో రెట్లు పెంచు వలయములను సిద్ధము చేసిరి. పాత రాయియు క్రొత్త నాళికయు లాంజెవిన్ బల్లపై కలిసికొనెను. రెంటిలో ఏది లేకున్నను ఆ పరికరము లేదు.

దోషము లేని పెద్ద పలుగు స్ఫటికము దొరకుట సులభము కాదు. పారిసు నగరమున కటకములు అమ్ము ఒక వర్తకుడు చూపరుల కొఱకు తన అంగడిలో ఉంచుకొన్న స్ఫటికమొకటి కలదని తెలిసి, దానిని సంపాదించి పలకలుగా కోయించిరి. మొదటి పలకను చెవిగా వాడిరి. ఫలము తక్షణమే కనబడెను. బొగ్గు గ్రాహకమును తీసివేసిరి. అదే సంవత్సరము చివర, చెవిగా పనిచేసిన రాతినే నోరుగా కూడ వాడిరి. పలకకు బలమైన విద్యుత్ స్పందనముల నిచ్చినచో అది కంపించి నీటిలోనికి అతిధ్వనిని పంపెను. ఆ ధ్వని ఎంత తీవ్రమైనదనగా, దాని దారిలో పడిన చిన్న చేపలు చచ్చి తేలెను. నీటిలో చేయి పెట్టినవారికి నొప్పి కలిగెను. ఈ వింతను టూలానున కనులార చూచిన అమెరికను శాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ దానిని మరువక, తరువాత లూమిస్ అనువానితో కలిసి జీవులపై అతిధ్వని ప్రభావమును పరిశోధించి 1927లో ప్రకటించెను.

ఒక చిక్కు మిగిలెను. పలుగురాయి తనంత తాను సెకనుకు 40,000 మారులు కంపింపవలెనన్నచో దాని మందము ఏడు సెంటీమీటర్లుండవలెను. అంత మందపు స్ఫటికములు ఎచ్చట తేగలరు? తెచ్చినను వానిని కదలించుటకు భయంకరమైన విద్యుత్పీడనము కావలెను. లాంజెవిన్ దీనికి చేసిన ఉపాయము చూచుటకు అతి సామాన్యము. పలుచని పలుగు ముక్కలను గచ్చు పఱచినట్లు ప్రక్కప్రక్కన పేర్చి, వానికి పైనొకటి క్రిందనొకటి రెండు మందపు ఉక్కుపలకలను అంటించెను. మూడు పొరలును కలిసి ఒకే వస్తువువలె కంపించును. మందమును ఉక్కు ఇచ్చును, విద్యుత్తును పలుగు అందుకొనును. అంగడిలోని స్ఫటికములకై వెదకుకొను అవస్థ తప్పెను. ఆయన చేసిన కార్యములన్నింటిలో దీర్ఘాయువు కలది ఇదియే కావచ్చును. పలుగునకు బదులు కృత్రిమమైన పింగాణి వంటి ద్రవ్యములు వచ్చినను, అట్టి పొరల అమరికకు నేటికిని లాంజెవిన్ పేరే కలదు.

1918 ప్రారంభమున ఈ పరికరముతో ఎనిమిది కిలోమీటర్ల దూరమునకు సంకేతములు పంపగలిగిరి. నీట మునిగియున్న జలాంతర్గామినుండి స్పష్టమైన ప్రతిధ్వని మొదటిసారిగా వినవచ్చెను. పిమ్మట కిలోమీటరునకు మించిన దూరమున కూడ దానిని గుర్తించిరి. లెక్క సులభమైనది. సంకేతము పంపిన రెండు సెకనులకు ప్రతిధ్వని వచ్చినచో, ధ్వని పోవుటకొక సెకను, వచ్చుటకొక సెకను. అడ్డంకి 1,500 మీటర్ల దూరమున ఉన్నది. లాంజెవిన్ తన ఫలములను మిత్రదేశమైన ఇంగ్లండునకు దాచకుండ తెలిపెను. అచ్చట రూథర్‌ఫర్డును, ఆయన శిష్యుడు రాబర్ట్ బాయిలును ఇదే పనిలో నుండిరి. అయినను పరికరములు ఓడలపై విరివిగా చేరకమునుపే, 1918 నవంబరులో, యుద్ధము ముగిసెను. దేనికొఱకు అంత శ్రమపడిరో ఆ యుద్ధమున అది ఉపయోగపడలేదు. శాంతికాలమున ఉపయోగపడెను. 1920వ దశకమున లాంజెవిన్ పద్ధతితో నిర్మించిన లోతుమానములు ఓడలపై చేరి, గుండు కట్టిన త్రాడును వదలి లోతు చూచు పాత పద్ధతిని మాన్పింపసాగెను.

ఈ విద్య భారతదేశమునకును వచ్చెను. లాంజెవిన్ సహచరుడైన పియరీ బికార్, రెనే లూకాతో కలిసి, అతిధ్వనులు పోవుచున్న ద్రవము కాంతిని చారలుగా చీల్చునని 1932లో చూపెను. దీనికి సమగ్రమైన గణితసిద్ధాంతమును 1935–36 సంవత్సరములలో బెంగుళూరున సి. వి. రామనును, నాగేంద్రనాథును నిర్మించిరి. రామను శిష్యుడైన సూరి భగవంతము విశాఖపట్నమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు శిష్యులను చేరదీసి, అతిధ్వనులను స్ఫటికములలోనికి పంపి వాని సాగుగుణమును కొలిచెను.

నేడు నాయుడుపేట పాఠశాలలోని బాలుడైనను అడ్డంకిని కనిపెట్టు అతిధ్వని వలయమును ఒక పూటలో అమర్పగలడు. అంగడిలో దొరకు చిన్న పలకపై రెండు గుండ్రని కన్నులవంటివి ఉండును. ఒకటి ధ్వనిని పంపును, ఒకటి అందుకొనును. ఇది నీటిలో గాక గాలిలో పనిచేయును. అయినను దాని కంపనములు సాధారణముగా సెకనుకు 40,000. లాంజెవిన్ ఎన్నుకొన్న సంఖ్యయే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, మీటరు దూరమున గల గోడనుండి ప్రతిధ్వని సెకనులో వేయింట ఆఱు వంతులలోపుననే తిరిగివచ్చును. అంత స్వల్పకాలమును లెక్కించుటకు ఒక చిన్న గణనయంత్రపు బిళ్ళ చాలును. కన్నులు లేనివారి చేతికఱ్ఱకు ఇట్టిది అమర్చినచో ఎదుటనున్న అడ్డమును ముందే తెలుపును. అయితే మెత్తని బట్టయు, ఏటవాలుగా నున్న గోడయు దానిని మోసగించును. ఒకటి ధ్వనిని మ్రింగును, ఒకటి దానిని ప్రక్కకు త్రోసివేయును.

లాంజెవిన్ తరువాతి జీవితము సుఖముగా సాగలేదు. తాను చదివిన పాఠశాలకే ఆయన అధ్యక్షుడయ్యెను. ప్రయోగశాలలో తలుపులు మూసికొని కూర్చుండు స్వభావము ఆయనది కాదు. జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చినపిమ్మట, 1934లో, ఫ్రాన్సున అట్టి నిరంకుశత్వము తల యెత్తకుండ కాపాడుటకై ఏర్పడిన మేధావుల సంఘమున ఆయన ముఖ్యుడు. 1940లో జర్మను సేనలు పారిసును ఆక్రమించెను. అక్టోబరు 30వ తేదీన ఆ సేనల రహస్య పోలీసులు, 68 ఏండ్ల వృద్ధుడైన లాంజెవిన్‌ను పట్టుకొని సాంతే కారాగారమున బంధించిరి. నవంబరు 8వ తేదీన ఆయన పాఠము చెప్పవలసిన కాలేజ్ ద ఫ్రాన్స్ ఎదుట విద్యార్థులు గుమిగూడి నిరసన తెలిపిరి. ఆక్రమింపబడిన నగరమున అట్లు చేయుట ప్రాణములకు తెగించుటయే. కొన్ని వారములకు ఆయనను చెఱనుండి విడిచి, ట్రాయి అను పట్టణమున నిర్బంధమున ఉంచిరి.

ఆయన అల్లుడు జాక్ సాలమన్ కూడ భౌతికశాస్త్రజ్ఞుడే. శత్రువుల నెదిరించిన నేరమునకు అతనిని 1942 మే నెలలో కాల్చి చంపిరి. కుమార్తె హెలెన్‌ను ఆష్‌విట్జ్ నిర్బంధశిబిరమునకు పంపిరి. అచ్చటికి పోయినవారిలో తిరిగివచ్చినవారు కొలదిమంది. ఆమె వారిలో ఒకతె. 1944 మేలో మిత్రుల సాయమున లాంజెవిన్ సరిహద్దు దాటి స్విట్జర్లాండు చేరెను. పారిసు విముక్తమైనంతనే తిరిగివచ్చి, దేశమందలి విద్యావిధానమును సంస్కరించు సంఘమునకు అధ్యక్షత వహించెను. పేదవాని బిడ్డయైనను పదునెనిమిదవ యేటివరకు బడిలో నుండవలెనని ఆ సంఘము సూచించెను. దాని నివేదిక 1947లో వెలువడునప్పటికి ఆయన లేడు. 1946 డిసెంబరు 19వ తేదీన పారిసులోనే కన్నుమూసెను.

ప్రభుత్వము ఆయనకు రాజలాంఛనములతో అంత్యక్రియలు జరిపెను. 1948 నవంబరులో ఆయన అస్థికలను, చిరకాల మిత్రుడైన జాన్ పెరాన్ అస్థికలతోపాటు, ఫ్రాన్సు దేశపు మహనీయులకు నెలవైన పాంథియోన్ మందిరమునకు చేర్చిరి. గురువైన పియరీ క్యూరీ అస్థికలు ఆ మందిరమునకు రావలసియుండి, 1995లో వచ్చెను.